కెగ్ బీరులో అతి నురుగు

కెగ్ అంటే గ్యాస్ ఒత్తిడితో బీరు నిల్వ ఉంచే ఉక్కు పీపా. దాని కుళాయి తిప్పి గ్లాసు పట్టినప్పుడు పైన అంగుళం మేర నురుగు రావడం మంచి లక్షణమే. గ్లాసులో సగానికి పైగా నురుగే నిండి, అది విరిగాక అడుగున చప్పబడిన బీరు కొద్దిగా మిగిలితే దాన్ని అతి నురుగు అంటారు. చిన్న కెగ్‌లలో సొంతంగా బీరు చేసుకునేవారిని ఎక్కువగా విసిగించే ఇబ్బందుల్లో ఇదొకటి. చాలామంది దీన్ని బీరు తయారీలో లోపమనుకుంటారు. ఎక్కువ సందర్భాల్లో బీరు బాగానే ఉంటుంది. లోపం ఉష్ణోగ్రత, ఒత్తిడి, పైపు ఈ మూడింటి పొందికలో ఉంటుంది. అందులోనూ దక్కను పీఠభూమి వంటి వేడి ప్రాంతాల్లో మొదట అనుమానించాల్సింది ఉష్ణోగ్రతనే.

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్‌ను ఉదాహరణగా తీసుకుంటే ఈ పొందిక ఎలా చెడుతుందో బాగా తెలుస్తుంది. హైదరాబాద్‌కు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, ముంబై జాతీయ రహదారి మీద, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఈ పట్టణం సముద్ర మట్టానికి దాదాపు 620 మీటర్ల ఎత్తున ఉంది. వేసవిలో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. పక్కనే ఉన్న కోహీర్ చలికాలంలో తెలంగాణలోకెల్లా అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఒకటి. కొన్ని రాత్రులు అక్కడ పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. ఈ ఎత్తూ, ఈ వేడీ, ఈ హెచ్చుతగ్గులూ మూడూ బీరులోని గ్యాస్ మీద పనిచేస్తాయి.

చట్టం, నేపథ్యం

తెలంగాణలో ఇంట్లో బీరు తయారుచేసుకోవడానికి అనుమతి లేదు. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఏ మత్తు పానీయం తయారుచేసినా నేరమే. అమ్మకానికి కాదు, సొంతానికే అన్నా చట్టం ఒప్పుకోదు. కాబట్టి జహీరాబాద్‌లో ఈ పరిజ్ఞానం నేరుగా అక్కరకొచ్చేది లైసెన్సు ఉన్నవారికీ, ఆ వృత్తిలో పనిచేసేవారికీ. సంగారెడ్డి జిల్లాలో యునైటెడ్ బ్రూవరీస్ వంటి పెద్ద కంపెనీల బీరు కర్మాగారాలున్నాయి. అక్కడి సరుకులో చాలా భాగం సీసాల్లో బయటికి వెళుతుంది. కెగ్, కుళాయిల సంగతి ముఖ్యంగా మైక్రోబ్రూవరీలది. దేశంలో ఈ తరహా చిన్న బ్రూవరీలకు దారి చూపిన వాటిలో 2009లో పుణెలో మొదలైన డూలల్లీ ఒకటి. 2011లో బెంగళూరులో ది బీర్ క్లబ్ తెరిచారు. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చాక హైదరాబాద్‌లోనూ అవి వెలిశాయి.

ఇంటి బీరు చట్టబద్ధమైన దేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఇది వంటగది పక్క గదిలోనో, కారు షెడ్డులోనో ఎదురయ్యే సమస్య. బ్రిటన్‌లో 1963లో ఇంటి బీరుకు లైసెన్సు అవసరం తీసేశారు. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం 1979లో అమల్లోకి వచ్చింది. ఇంట్లో ఒక్కరే వయోజనులైతే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకన్నా ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు అని దాని పరిమితి. రాష్ట్రాలు ఒక్కొక్కటిగా ఒప్పుకుంటూ రాగా, చివరికి 2013లో అలబామా, మిసిసిపీ కూడా అనుమతించాయి. అక్కడి ఇళ్లలో ఎక్కువగా కనిపించేది కార్నీ అనే పొడవాటి ఉక్కు కెగ్. 5 గ్యాలన్లు, అంటే 19 లీటర్లు పడుతుంది. కార్నీలియస్ కంపెనీ పేరు మీద వచ్చిన ఈ కెగ్‌ను మొదట కూల్‌డ్రింకుల పాకం నిల్వకు వాడేవారు. కూల్‌డ్రింకుల వ్యాపారం అట్టపెట్టెల్లోని సంచులకు మారాక మిగిలిపోయిన కెగ్‌లు చవగ్గా ఇంటి బీరువాళ్ల చేతికి వచ్చాయి.

బీరులో గ్యాస్ నిలిచే తీరు

బీరు పులిసేటప్పుడు ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఈత కల్లులోనూ ఇదే జరుగుతుంది. కల్లు కుండ మూతి తెరిచి ఉంటుంది కనుక పుట్టిన గ్యాస్ పుట్టినట్టే పోతుంది. దింపిన కాసేపు నురుగు పొంగినా, తాగేవేళకు అందులో నిలిచిన గ్యాస్ తక్కువే. బీరులో గ్యాస్‌ను కెగ్ లోపల బంధించి ఒత్తిడితో కరిగించి ఉంచుతారు. ఆ ఒత్తిడి కెగ్‌కు కలిపిన కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ నుంచి వస్తుంది, దాన్ని కావలసిన అంకె దగ్గర నిలిపేది రెగ్యులేటర్. అసలు సోడా నీళ్ల కథ మొదలైంది కూడా బీరు బట్టీ పక్కనే. 1767 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో జోసెఫ్ ప్రీస్ట్లీ ఇంటి పక్కన ఒక బ్రూవరీ ఉండేది. అక్కడ తొట్లపైన తేలే గ్యాస్‌తో ప్రయోగాలు చేసి ఆయన సోడా నీళ్లు తయారుచేశాడు. 1803లో విలియం హెన్రీ దానికి సూత్రం కట్టాడు. ఒక ద్రవంలో ఎంత గ్యాస్ కరుగుతుందన్నది దానిపైన ఉన్న ఆ గ్యాస్ ఒత్తిడిని బట్టి ఉంటుంది. ద్రవం వేడెక్కితే కరిగే శక్తి తగ్గుతుంది. కెగ్ బీరు శాస్త్రమంతా ఈ రెండు మాటల మీదే నిలబడింది.

బీరులో కరిగిన గ్యాస్‌ను వాల్యూమ్‌లలో కొలుస్తారు. ఒక లీటరు బీరులో ఒక లీటరు గ్యాస్ ఉంటే ఒక వాల్యూమ్. అది సుమారు 2 గ్రాములు. మామూలు లాగర్‌లో 2.5 వాల్యూమ్‌లు, అంటే లీటరుకు దాదాపు 5 గ్రాములు ఉంటాయి. బ్రిటిష్ ఏల్‌లలో అంతకన్నా తక్కువ. జర్మన్ గోధుమ బీరులో 3 దాటి ఉంటుంది. ఈ 2.5 వాల్యూమ్‌లను బీరులో నిలిపి ఉంచడానికి ఎంత ఒత్తిడి కావాలో చూస్తే సమస్య మూలం అర్థమవుతుంది. సముద్ర మట్టం దగ్గర బీరు 4 డిగ్రీల సెల్సియస్ చల్లగా ఉంటే 12 పీఎస్ఐ చాలు. 10 డిగ్రీలకు దాదాపు 17.5, 20 డిగ్రీలకు 27 నుంచి 28, 30 డిగ్రీలకు 38 పీఎస్ఐ దాకా కావాలి. పీఎస్ఐ అంటే చదరపు అంగుళానికి పడే బరువును పౌండ్లలో చెప్పే కొలత. బార్‌లలో చూపే గేజ్ అయితే 12 పీఎస్ఐ అంటే 0.8 బార్.

అంటే 4 డిగ్రీల దగ్గర హాయిగా కరిగి ఉన్న గ్యాసే, బీరు వేడెక్కితే నిలవలేక బయటికి వస్తుంది. కెగ్ లోపల బీరు చల్లగా ఉన్నా కుళాయికి వెళ్లే దారిలో ఒక జానెడు పైపు వేడిగా ఉంటే, ఆ జానెడులోనే గ్యాస్ విడిపోయి నురుగవుతుంది. ఆ నురుగు తనతోపాటు వెనక వచ్చే చల్లటి బీరునూ కదిలించి మరింత నురుగు పుట్టిస్తుంది.

నురుగు నిలబడేది వేరే కారణాల వల్ల. బార్లీలోని ప్రోటీన్లు, హాప్స్ పూలలోని చేదు పదార్థాలు కలిసి బుడగ చుట్టూ పొరగా ఏర్పడతాయి. గోధుమ కలిసిన బీరు నురుగు గట్టిగా నిలవడానికి గోధుమ ప్రోటీన్లే కారణం. జహీరాబాద్ చుట్టుపక్కల ఎంతో పండే జొన్నతోనే బీరు చేస్తే నురుగు త్వరగా విరిగిపోతుంది. నూనె, కొవ్వు ఈ పొరను తెంచేస్తాయి. మిర్చి బజ్జీ తిన్న చేత్తో గ్లాసు అంచు పట్టుకుంటే నురుగు కూలిపోవడం అందుకే. అయితే నురుగు నిలవడం వేరు, అతిగా పుట్టడం వేరు. మందు వెతికేముందు ఈ తేడా తెలుసుకోవాలి.

ఎత్తు తెచ్చే ఒక పీఎస్ఐ తేడా

ఒత్తిడి గేజ్ చూపేది చుట్టూ ఉన్న గాలి కన్నా కెగ్‌లో ఎంత ఎక్కువ ఒత్తిడి ఉందన్నది మాత్రమే. సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి 14.7 పీఎస్ఐ. జహీరాబాద్ ఎత్తులో అది సుమారు ఒక పీఎస్ఐ తక్కువ. బీరులో కరిగే గ్యాస్ మొత్తం ఒత్తిడిని బట్టి ఉంటుంది కనుక, పుస్తకాల పట్టికల్లో 12 అని ఉన్నచోట ఇక్కడ గేజ్ మీద 13 పెట్టాలి. హైదరాబాద్ కూడా 500 మీటర్ల పైన ఉన్న నగరమే కనుక అక్కడా దాదాపు ఇదే సవరణ వర్తిస్తుంది. విశాఖపట్నంలో పట్టికను ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు. అమెరికాలో డెన్వర్ తెలుగువాళ్లయితే రెండున్నర పీఎస్ఐ దాకా కలుపుకోవాలి.

ఒక్క పీఎస్ఐ వల్ల గ్లాసు నిండా నురుగు రాదు. సవరణ లేకుండా 12 మీదే వదిలేస్తే రోజులు గడిచేకొద్దీ బీరు కొద్దిగా గ్యాస్ కోల్పోయి, అనుకున్నదానికన్నా చప్పగా తయారవుతుంది. అప్పుడు చాలామంది చప్పగా ఉందని ఒత్తిడిని ఒక్కసారిగా 20, 25 దాకా పెంచి మరిచిపోతారు. అతి నురుగు అక్కడ మొదలవుతుంది. లెక్క తెలిసినవాళ్లు ఒక్క పీఎస్ఐ పెంచి రెండు మూడు రోజులు ఆగుతారు.

ఎత్తు కన్నా పెద్ద చిక్కు హెచ్చుతగ్గులది. జనవరిలో వసారాలో గాలి తెల్లవారుజామున 10 డిగ్రీలకు దిగి, మధ్యాహ్నానికి 25 దాటవచ్చు. అక్కడ పెట్టిన కెగ్ కూడా ఆ వెంటే కొంత చల్లబడుతూ, కొంత వేడెక్కుతూ ఉంటుంది. గ్యాస్ సిలిండర్ కలిపే ఉంటే, చల్లటి గంటల్లో బీరు ఎక్కువ గ్యాస్ పీల్చుకుంటుంది, వేడి గంటల్లో దాన్ని వదలడానికి చూస్తుంది. రోజుల తరబడి ఇలా సాగితే ఏ పూట ఏ ఒత్తిడి సరైనదో తేల్చడం కష్టం. రాత్రి చలి ఉందిగదా అని ఫ్రిజ్ లేకుండా నెట్టుకురావడం అందుకే పనికిరాదు. కెగ్‌కు కావలసింది నిలకడ.

పైపును చూసి జబ్బు పట్టడం

కారణం కనుక్కోవడానికి అన్నిటికన్నా మంచి సాధనం పారదర్శకమైన పైపు. కుళాయిని ఒక గంట కదల్చకుండా ఉంచి, టార్చి లైటు పెట్టి పైపును కెగ్ నుంచి కుళాయి వరకు చూడాలి. గ్యాస్ తెల్లటి గీతలా, చిన్న చిన్న ఖాళీలుగా కనిపిస్తుంది. ఆ ఖాళీలు కుళాయి దగ్గరే ఉంటే అక్కడి వేడి కారణం. పైపు పొడవునా పైభాగంలో పేరుకుని ఉంటే బీరులో గ్యాస్ ఎక్కువై ఉండాలి, లేదా రెగ్యులేటర్ ఒత్తిడి బీరులోని గ్యాస్‌కు సరిపోనంత తక్కువగా ఉండాలి. కుళాయి తిప్పగానే కెగ్ మూతి దగ్గర నుంచే బుడగలు వరుసగా పుడుతూ వస్తుంటే చూడాల్సింది కెగ్ మూతిలోని రబ్బరు రింగునూ, అక్కడ చిక్కుకున్న చెత్తనూ.

తరువాత వరుసగా మూడు గ్లాసులు పట్టి చూడాలి. మొదటిది నురుగై, రెండోది తగ్గి, మూడోది సరిగా వస్తే కుళాయి, దానికి ఆనుకున్న పైపు వేడిగా ఉన్నాయనే. మూడూ ఒకేలా నురగలు కక్కితే బీరులోనో, ఒత్తిడిలోనో, పైపు పొడవులోనో తేడా ఉంది. నాలుగైదు రోజులు బాగా వచ్చి ఉన్నట్టుండి మొదలైతే ఉష్ణోగ్రత మారిందా అని చూడాలి, తరువాత రబ్బరు రింగును చూడాలి.

ఈ పరీక్షలకు ముందే రెగ్యులేటర్ మీద చెయ్యి వేయడం పెద్ద పొరపాటు. నురుగు రాగానే ఒత్తిడి తగ్గిస్తే బీరు మెల్లగా వస్తుంది కనుక ఆ పూటకు నయమైనట్టే ఉంటుంది. కానీ కెగ్‌లోని ఒత్తిడి బీరులోని గ్యాస్‌ను పట్టి ఉంచలేనంత తగ్గిపోయినందున, ఆ గ్యాస్ పైపులోనే విడిపోతూ ఉంటుంది. మర్నాటికి నురుగు మళ్లీ పెరుగుతుంది. వారం తిరిగేసరికి నురుగు కూడా ఉంటుంది, బీరూ చప్పబడుతుంది.

చల్లదనం

తెలంగాణ వేసవిలో అతి నురుగుకు మొదటి మందు చలువే. కెగ్‌ను కదిలించాక, లేదా కొత్తగా ఫ్రిజ్‌లో పెట్టాక కనీసం ఒక పగలూ ఒక రాత్రీ ఆగాలి. 30 డిగ్రీల గదిలో ఉన్న 19 లీటర్ల బీరు అడుగు దాకా 4 డిగ్రీలకు రావడానికి అంత సమయం పడుతుంది. ఫ్రిజ్ గాలి చల్లబడినంత త్వరగా బీరు చల్లబడదు. ఫ్రిజ్ మీద అంకె చూసి నమ్మకుండా, పట్టిన బీరులోనే థర్మామీటర్ ముంచి చూడాలి. రెండో గ్లాసును కొలిస్తే కెగ్ లోపలి స్థితి తెలుస్తుంది.

ఫ్రిజ్ పైన స్తంభంలా నిలబెట్టి దానికి కుళాయి బిగించే పద్ధతిలో ఆ స్తంభమే బలహీనమైన చోటు. కింద 4 డిగ్రీలు ఉన్నా, మే నెలలో స్తంభం లోపల గాలి అంతకన్నా ఎంతో వేడిగా ఉంటుంది. కంప్యూటర్‌లో వాడే చిన్న ఫ్యాన్‌కు ఒక గొట్టం తగిలించి ఫ్రిజ్‌లోని చల్లగాలిని స్తంభం పైదాకా పంపితే ఈ తేడా చాలావరకు పోతుంది. బీరు పైపు చుట్టూ రాగి గొట్టం తొడిగి, దాని కింది చివరను చల్లటి భాగంలో ఉంచడం మరో పద్ధతి. ఇంకా తేలికైనది, బొటనవేలితో నొక్కే చిన్న ప్లాస్టిక్ కుళాయిని పైపుతో సహా ఫ్రిజ్ లోపలే ఉంచి, బీరు కావలసినప్పుడే తలుపు తీయడం. చూడ్డానికి బార్ కౌంటర్‌లా ఉండదు గానీ, జహీరాబాద్ వంటి వేడికి ఇదే నమ్మకమైన ఏర్పాటు.

కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు తీయకపోతే నిండు కెగ్ గంటల తరబడి చల్లగానే ఉంటుంది. ఆ సమయంలో బీరు పట్టడం మానుకోవడమే మేలు.

పైపు పొడవు, వెడల్పు

కెగ్‌లోని 12, 13 పీఎస్ఐ ఒత్తిడి అంతా కుళాయి దాకా అలాగే వస్తే బీరు పిచికారీలా దూసుకొచ్చి గ్లాసులో నురుగైపోతుంది. దారిలో ఆ ఒత్తిడిని నెమ్మదిగా ఖర్చు చేయించేది పైపు గోడల రాపిడి. లోపలి వెడల్పు 4.8 మిల్లీమీటర్లు ఉన్న పైపు ఇళ్లలోని కెగ్‌లకు ఎక్కువగా వాడతారు. 12 పీఎస్ఐకి దాదాపు 3 మీటర్ల పొడవు సరిపోతుంది. వెడల్పు 6.4 మిల్లీమీటర్లకు పెరిగితే రాపిడి నాలుగో వంతు దగ్గరికి పడిపోతుంది. దుకాణంలో సులువుగా దొరికిన వెడల్పాటి పైపును మీటరు ముక్క కోసి తగిలించడం వల్ల వచ్చే నురుగును మరే ఉపాయమూ ఆపలేదు. పైపు మార్చాల్సిందే. కుళాయి కెగ్ కన్నా ఎత్తున ఉంటే ప్రతి మీటరు ఎత్తుకూ సుమారు 1.4 పీఎస్ఐ ఒత్తిడి దానంతటదే ఖర్చవుతుంది. మేడ మీద కుళాయి, కింద కెగ్ ఉన్న బార్లలో ఈ లెక్క ముఖ్యం.

పైపు కాస్త పొడవెక్కువైతే వచ్చే నష్టం తక్కువే, బీరు నెమ్మదిగా వస్తుంది. అర లీటరు గ్లాసు 8 నుంచి 10 సెకన్లలో నిండితే పొందిక కుదిరినట్టు. నాలుగైదు సెకన్లకే నిండుతుంటే పైపు పొట్టిదని అర్థం. అందుకే మొదట పొడుగ్గా కోసుకుని, అవసరమైతే జానెడు చొప్పున తగ్గించుకోవడం మంచిది. మిగిలిన పైపును ఫ్రిజ్ లోపల కెగ్ మీద చుట్టగా పెట్టాలి. మడత పడితే ఆ మడత దగ్గరే బీరు చిలికినట్టై నురుగు పుడుతుంది.

గ్యాస్ అతిగా ఎక్కిన కెగ్

బీరుకు త్వరగా గ్యాస్ ఎక్కించాలని 30 పీఎస్ఐ పెట్టి కెగ్‌ను ఊపడం ఇంటి బీరువాళ్లలో వాడుకగా ఉన్న పద్ధతి. ఓ పూట మరిచిపోతే బీరు 3 వాల్యూమ్‌లు దాటేస్తుంది. రెగ్యులేటర్ లోపలి సీటు అరిగితే, పెట్టిన అంకె మీద నిలవకుండా ఒత్తిడి మెల్లగా పైకి పాకుతుంది. మరో కారణం తొందర. పులియడం పూర్తి కాకముందే కెగ్‌లోకి పోస్తే లోపల ఈస్ట్ పని సాగిస్తూనే ఉంటుంది. లీటరుకు 4 గ్రాముల పులిసే చక్కెర మిగిలి ఉన్నా దాదాపు ఒక వాల్యూమ్ గ్యాస్ అదనంగా పుడుతుంది. బీరు సాంద్రత చూపే హైడ్రోమీటర్ కొలత రెండు మూడు రోజుల పాటు మారకుండా ఉందని చూసుకున్నాకే కెగ్‌లోకి దింపాలన్న నియమం ఇందుకే.

ఎంత ఎక్కిందో కొలిచే పద్ధతి ఉంది. సిలిండర్ కట్టేసి, కెగ్‌కు ఒక గేజ్ తగిలించి, ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచి చూడాలి. జహీరాబాద్ ఎత్తులో, బీరు 4 డిగ్రీల దగ్గర ఉండగా గేజ్ 13 చూపితే 2.5 వాల్యూమ్‌లు ఉన్నట్టు. 20 చూపితే 3.2 దాకా ఉన్నట్టు.

దించడానికి ఓపిక కావాలి. గ్యాస్ పైపు విప్పేసి, మూత మీది రిలీఫ్ వాల్వు రింగును మెల్లగా లాగి పై ఒత్తిడి వదలాలి. కెగ్ నిండుగా ఉంటే నురుగు వాల్వు దాకా పొంగుతుంది. కాబట్టి కొద్దికొద్దిగా లాగుతూ వదలాలి. కొన్ని గంటల్లో బీరులోని గ్యాస్ మళ్లీ పైకి చేరి ఒత్తిడి పెరుగుతుంది, మళ్లీ వదలాలి. ఇలా రోజుకు నాలుగైదుసార్ల చొప్పున ఒకటి రెండు రోజుల్లో చాలా కెగ్‌లు దారికొస్తాయి. తొందరగా కావాలంటే కెగ్‌ను కొద్దిగా ఊపి, నురుగు అణిగేదాకా ఆగి వదలవచ్చు. గేజ్ 13 దగ్గర నిలిచాక సిలిండర్‌ను అదే ఒత్తిడికి పెట్టి కలపాలి. అక్కణ్నుంచి ఒక రోజు కెగ్‌ను కదల్చకూడదు.

రబ్బరు రింగు, పూచెత్త

కార్నీ కెగ్ మూతి మీద రెండు ఉక్కు ముక్కులుంటాయి, ఒకటి గ్యాస్ లోపలికి పోవడానికి, మరొకటి బీరు బయటికి రావడానికి. బీరు ముక్కు కింద అడుగుదాకా పోయే పొడవాటి గొట్టం ఉంటుంది. ఆ గొట్టం మెడ దగ్గర చిన్న రబ్బరు రింగు ఉంటుంది, చూపుడువేలి గోరంత. అది ఎండి పగిలితే, పైనున్న గ్యాస్ ఆ సందులోంచి బీరు దారిలోకి దూరుతుంది. బీరు, గ్యాస్ కలిసి చిలుకుకుంటూ పైకి వస్తాయి. బీరు చల్లగా ఉంది, ఒత్తిడి సరిగా ఉంది, పైపు పొడవుగా ఉంది, అయినా నురుగు తగ్గడం లేదంటే ఈ రింగునే అనుమానించాలి. పైపు పరీక్షలో కెగ్ మూతి దగ్గరే బుడగలు పుట్టడం దీని గుర్తు. రింగు ఖరీదు చాలా తక్కువ. ప్రతి కెగ్‌కూ రెండు అదనంగా దగ్గర పెట్టుకోవాలి.

హాప్స్ పూలను కెగ్‌లోనే వేసి నానబెట్టినప్పుడు ఆకు ముక్క ఒకటి బీరు ముక్కులోని స్ప్రింగు దగ్గర చిక్కుకోవచ్చు. ఆ సన్నటి అడ్డు దగ్గర బీరు చీలి, ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి గ్యాస్ విడిపోతుంది. కెగ్ ఒత్తిడి పూర్తిగా వదిలేసి, ముక్కు విప్పి, కడిగి, శానిటైజర్‌లో ముంచి బిగిస్తే సరిపోతుంది. హాప్స్‌ను సన్నని జాలీ సంచిలో వేయడం ముందు జాగ్రత్త.

కుళాయి, గ్లాసు

కుళాయి పూర్తిగా తెరవాలి. నురుగొస్తుందన్న భయంతో సగం తెరిస్తే ఆ సన్నటి సందులో బీరు చిలికి నురుగు పెరుగుతుంది. గ్లాసును వాలుగా పట్టి, బీరు గోడ వెంట జారేలా చేసి, చివరలో నిలువుగా చేయాలి. కుళాయి మూతి బీరులో మునగకూడదు.

పైపుల్లో పేరుకునే ఈస్ట్, బ్యాక్టీరియా పొర, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నుంచి వచ్చే కాల్షియం ఆక్సలేట్ గట్టి పొర, రెండూ గరుకు తలాన్నిస్తాయి. ఆ గరుకు దగ్గర బుడగలు సులువుగా పుడతాయి. బార్లలో రెండు వారాలకోసారి కాస్టిక్ ద్రావణంతో, మూడు నెలలకోసారి ఆమ్లంతో పైపులు కడగడం మంచి పద్ధతిగా స్థిరపడింది. ఇళ్లలో ప్రతి కెగ్ మార్పుకూ కడిగితే సరిపోతుంది. కాస్టిక్ కళ్లను, చర్మాన్ని కాల్చేస్తుంది కనుక చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

గ్లాసు విషయంలో హైదరాబాద్ బార్లలో మంచు పట్టిన గ్లాసు గొప్పగా ఇస్తారు. కెగ్ బీరుకు అది మేలు చేయదు. గాజు మీది మంచు పలుకుల అంచుల దగ్గర గ్యాస్ విడిపోయి నురుగు పెరుగుతుంది. వేడి నీళ్లతో కడిగి ఆ వేడి తగ్గకముందే పట్టిన గ్లాసూ అంతే. బోరు నీటితో కడిగి ఆరబెట్టిన గాజు మీద మిగిలే తెల్లటి మరకలూ బుడగలకు ఆధారమవుతాయి. చల్లటి మంచినీళ్లతో ఒకసారి తొలిచి, తడిగా ఉండగానే బీరు పట్టడం సరైన పద్ధతి.

బీరే చెడినప్పుడు

కొన్నిసార్లు లోపం బీరులోనే ఉంటుంది. అడవి ఈస్ట్ లేదా బ్యాక్టీరియా సోకితే, మామూలు ఈస్ట్ ముట్టని చక్కెరలను కూడా అవి పులియబెడతాయి. ఒత్తిడి రోజురోజుకూ పెరుగుతుంది. వాసనలో పులుపో, లవంగాల ఘాటో, పొగ వాసనో తేడాగా తెలుస్తుంది. ఎన్నిసార్లు ఒత్తిడి వదిలినా మళ్లీ పెరుగుతుంటే, రుచి కూడా మారుతుంటే ఆ బీరు పారబోయాలి. కెగ్ రబ్బరు భాగాలన్నీ మార్చి, పైపు కొత్తది వేయాలి. పొలంలో వానకు తడిసి ఫ్యూజేరియం బూజు పట్టిన బార్లీ నుంచి వచ్చే ఒక ప్రోటీన్ కూడా సీసా తీయగానే బీరు ఎగజిమ్మేలా చేస్తుంది. అది మాల్ట్ తయారీదారుల స్థాయిలో అరికట్టాల్సింది.

జాగ్రత్తలు

కార్నీ కెగ్‌లు సాధారణంగా 130 పీఎస్ఐ వరకు తట్టుకునేలా చేస్తారు. చల్లగా గ్యాస్ ఎక్కించిన కెగ్ 30 డిగ్రీల గదిలో ఉంటే లోపలి ఒత్తిడి 38 దాకా వెళుతుంది, కాబట్టి మంచి కెగ్‌కు ప్రమాదం లేదు. రిలీఫ్ వాల్వు తుప్పు పట్టి బిగుసుకున్న పాత కెగ్‌ను మాత్రం వాడకూడదు. ఎండలో ఆపిన కారులో కెగ్‌ను గానీ, సిలిండర్‌ను గానీ వదలకూడదు. సిలిండర్‌ను నిలువుగా ఉంచి గోడకు గొలుసుతో కట్టాలి. కార్బన్ డయాక్సైడ్ గాలి కన్నా బరువైనది. కిటికీలు లేని చిన్న గదిలో సిలిండర్ కారితే అది నేల మట్టంలో పేరుకుని, లోపలికి వెళ్లిన మనిషిని నిమిషాల్లో స్పృహ తప్పించగలదు. కాబట్టి కెగ్‌లున్న గదికి గాలి ఆడే దారి తప్పక ఉండాలి, వీలైతే నేలకు దగ్గరగా గ్యాస్ అలారం పెట్టాలి. మూత తీసే ముందు సిలిండర్ కట్టేసి, వాల్వు రింగు లాగి, బుసబుస శబ్దం పూర్తిగా ఆగిందని విని, గేజ్ సున్నాకు వచ్చిందని చూసుకున్నాకే మూత మీద చెయ్యి వేయండి.